రెండు రకాల రాళ్లున్న కాటా

తుళ్లూరులో మావాడొకడున్నాడు. పేరెందుకులెండి. ఆఫీసులూ కాలేజీలూ వదిలించుకున్న కంప్యూటర్లు కొనుక్కొచ్చి, దుమ్ము దులిపి, ర్యామ్ మార్చి, లినక్స్ వేసి, చుట్టుపక్కల ఊళ్లలో చదువుకునే పిల్లలకి అయినకాడికి ఇస్తుంటాడు. మొన్న సంక్రాంతికి ఊరెళ్తే ఎనిమిది డబ్బాలు వరసగా పెట్టుకుని కూర్చున్నాడు. అన్నిటికీ ఒకే పెన్‌డ్రైవ్‌తో ఒకే మూస వెయ్యాలని డెబియన్ మీద తనదే ఒక కూర్పు తయారు చేస్తున్నాడు. తెరమీద పొడుగాటి జాబితా. ఉంచాల్సిన ప్రతిదాని పక్కనా టిక్కు. చూస్తూ పోతుంటే ధ్వని సర్దుకునే పరికరాలే నాలుగు కనపడ్డాయి. నాలుగెందుకురా అన్నాను.

"ఉంటే ఏం పోయింది?" అన్నాడు.

ఏం పోయిందో చెప్పాలనే ఇది రాస్తున్నా. అక్కడ అరగంట అరుచుకున్నాం, టీ తాగాం, మళ్లీ అరుచుకున్నాం. వాడు ఒప్పుకోలేదు. నేను హైదరాబాదు బస్సెక్కాను. బస్సులో తోచిన సమాధానాలు అరుచుకునేటప్పుడు తోచవు కదా.

సాహిత్యం చదవడానికొస్తే సౌండ్ సెట్టింగులేంటని విసుక్కోకండి. ఇది చదివేవాళ్లలో సగం మంది దగ్గర ఇప్పుడు ఒక మైకు ఉంది. కథలు చదివి వినిపించేవాళ్లు, పాడ్‌కాస్టులు చేసేవాళ్లు, ఊళ్లో ముసలివాళ్ల పాటలు పట్టుకుందామని బయల్దేరేవాళ్లు. మనం రాసేది కాగితం మీద ఎంత ఉందో శబ్దంలోనూ అంత ఉంది. ఆ శబ్దం ఏ దారిన కంప్యూటర్లోకి వెళ్తుందో, ఏ దారిన బయటికొస్తుందో చూపించే కిటికీ అబద్ధం చెబితే నష్టపోయేది ఇంజనీర్లు కాదు. మనం.

నాకు జరిగింది చెప్తా. 2015 ఎండాకాలం. రాజధాని కోసం భూసమీకరణ కాగితాల మీద సంతకాలు అయిపోయిన కొత్త. మెట్ట ఎకరానికి ఇంత, జరీబు ఎకరానికి ఇంత అని ఇంటింటా లెక్కలు. ఆ అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగింది, దానికి ముందు సంగతి. మా నాయనమ్మకి చేలన్నిటి పేర్లూ తెలుసు. సర్వే నంబర్లు కావు, పేర్లు. తాటిచెట్టు చేను, వాగుకింద చెక్క, అత్తగారి ముక్క. ఏ చేలో నల్లరేగడి ఎంత లోతు, ఏ ఏడు పత్తికి పురుగు పట్టింది, మిరప కల్లంలో రాత్రుళ్లు కాపలా పడుకున్నప్పుడు ఎవరు ఏం పాడేవాళ్లు, ఎవరు ఎవరితో మాట్లాడ్డం మానేశారు, అన్నీ. ఈ చేలన్నీ ప్లాట్లు అయిపోతాయి, గట్లు పోతాయి, పేర్లు పోతాయి, కనీసం గొంతులో అయినా ఉంచుదామని లాప్‌టాప్ పట్టుకెళ్లి ఆమె మంచం పక్కన కూర్చున్నాను.

అదొక పాత లాప్‌టాప్. అందులో వేసుకున్న డిస్ట్రో పేరు ఇక్కడ అనవసరం. మెనూలో 'మిక్సర్' అని ఒకటుంది, ఇన్‌స్టలేషన్‌తో పాటే వచ్చింది. తెరిస్తే నిటారుగా స్లైడర్లు. మైక్, క్యాప్చర్, బూస్ట్. మైక్ అన్నదాన్ని పైకంటా నెట్టాను. క్యాప్చర్ కింద ఎర్ర చుక్క వెలిగింది. మైకు గుచ్చి, రికార్డింగ్ నొక్కి, ఆ కిటికీని కిందికి దించేసి, మిక్సర్‌ని మాత్రం ఎదురుగా పెట్టుకున్నా. గంటా నలభై నిమిషాలు. మధ్యలో రెండుసార్లు మజ్జిగ. ఆమె ఆ రోజు చెప్పినట్టు ఎప్పుడూ చెప్పలేదు.

ఇంటికొచ్చి వింటే ఏమీ లేదు. గరగర కూడా లేదు. శుద్ధ నిశ్శబ్దం, గంటా నలభై నిమిషాలు.

ఏమైందో తెలుసుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆ మెషీన్లో శబ్దం అంతా పల్స్‌ఆడియో అనే మధ్యవర్తి చేతిలో ఉంది. మైకు కాకుండా దానికి 'మానిటర్' అని ఇంకో దారి ఉంటుంది. స్పీకర్లోంచి వెళ్లే శబ్దాన్నే వెనక్కి పట్టుకునే దారి. అంతకు కొన్నాళ్ల ముందు నెట్‌లో ఒక నాటకం వస్తుంటే, దాన్ని రికార్డు చేద్దామని ఇదే మావాడు, ఈ తుళ్లూరువాడే, రికార్డింగ్ ప్రోగ్రామ్‌ని ఆ మానిటర్‌కి కలిపాడు. పల్స్‌ఆడియోకి జ్ఞాపకశక్తి ఎక్కువ. ఏ ప్రోగ్రామ్‌ని చివరిసారి దేనికి కలిపామో గుర్తుపెట్టుకుని మళ్లీ దానికే కలుపుతుంది. కాబట్టి నాయనమ్మ మాట్లాడుతున్నంతసేపూ నా లాప్‌టాప్ తన స్పీకర్లని తనే వింటూ కూర్చుంది. స్పీకర్లో ఏమీ రావట్లేదు. ఏమీ రానిదాన్ని చాలా శ్రద్ధగా రికార్డు చేసింది.

మరి నేను పైకి నెట్టిన స్లైడరో? అది మైకుదే. మైకు బ్రహ్మాండంగా తెరుచుకునే ఉంది. కాకపోతే ఆ మైకు మాట ఎవరూ వినట్లేదు. పల్స్‌ఆడియో అనేది ఒకటుందని, దానికి మానిటర్ అనే దారి ఉంటుందని ఆ మిక్సర్‌కి తెలియదు. అది పల్స్‌ఆడియో రాకముందు కాలపు మనిషి. వాడుకలో లేని బావిలోకి బొక్కెన దించి, చూడు ఎంత తాడు ఉందో అని చూపించినట్టు.

సగం తప్పు నాదే, ఒప్పుకుంటా. ముందు ఒక్క నిమిషం రికార్డు చేసి విని చూసుకోవాలి. ఇప్పుడు ఎవరికైనా మొదట చెప్పేది అదే. మిగతా సగం మాత్రం నాది కాదు. శబ్దం గురించి ఏదైనా చెయ్యాలనుకున్నవాడు మెనూలో 'మిక్సర్' అన్న మాట చూసి దాన్నే తెరుస్తాడు. తెరుస్తాడనే దాన్ని అక్కడ పెట్టారు.

మర్నాడు వెళ్లి, నాయనమ్మా, మళ్లీ ఒకసారి చెప్పవా అంటే, "నిన్న చెప్పాగా" అంది. చెప్పింది పాపం. కానీ ఈసారి జాబితాలాగా చెప్పింది. చేను, ఎకరాలు, ఎవరిది. పదకొండు నిమిషాల్లో అయిపోయింది. పాట సంగతి అడిగితే, ఆ ఏముందిలే అంది.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పాలి, లేకపోతే పాతవి ఎందుకు పోగుపడతాయో అర్థం కాదు. లినక్స్‌లో మొదట ఉన్నది ఓఎస్ఎస్ అనే పద్ధతి. ఒక ప్రోగ్రామ్ సౌండ్‌కార్డుని పట్టుకుంటే రెండోది బయట నిలబడాల్సిందే, కార్డులో ఆ సత్తా ఉంటే తప్ప. ఆ ఇబ్బంది తీర్చడానికి గ్నోమ్ వాళ్లు ఈఎస్‌డీ అని, కేడీఈ వాళ్లు ఆర్ట్స్ అని మధ్యవర్తుల్ని పెట్టుకున్నారు. 1998లో యారోస్లావ్ కిసెలా ఆల్సా మొదలుపెట్టాడు. 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నెల్‌తో అది లినక్స్‌కి అసలు ధ్వని పొర అయింది. తర్వాత లెనార్ట్ పోటరింగ్ రాసిన పల్స్‌ఆడియో. 2007 నవంబరులో ఫెడోరా 8, 2008 ఏప్రిల్లో ఉబుంటు 8.04 దాన్ని డిఫాల్ట్‌గా వేశాయి. అప్పుడు జనం తిట్టిన తిట్లు తక్కువేం కాదు. ఇప్పుడు పైప్‌వైర్. విమ్ టేమాన్స్ పని అది. 2021 ఏప్రిల్లో ఫెడోరా 34లో పల్స్‌ఆడియో కుర్చీలో అది కూర్చుంది. 2023లో వచ్చిన డెబియన్ 12 కూడా గ్నోమ్ డెస్క్‌టాప్‌కి దాన్నే పెట్టింది.

పొర మారిన ప్రతిసారీ, కింది పొర కోసం రాసిన కిటికీలు పైన అలాగే మిగిలిపోతాయి. మిద్దె మీద మిద్దె కట్టినవాడు కింది వాటా వీధి తలుపు మూయడం మర్చిపోయినట్టు. ఎక్స్‌ఎఫ్‌సీఈ మిక్సర్ కథ చూడండి. అది జీస్ట్రీమర్ 0.10 అనే లైబ్రరీలో ఉన్న మిక్సర్ సదుపాయం మీద నిలబడింది. 2012 సెప్టెంబరులో జీస్ట్రీమర్ 1.0 వచ్చినప్పుడు ఆ సదుపాయాన్నే తీసేశారు. కాళ్ల కింద నేల పోయింది. తర్వాత మెల్లగా డిస్ట్రోలు పల్స్‌ఆడియో ప్లగిన్‌కి మారాయి. ఈ 'మెల్లగా' అనే మాటలో ఎన్ని డిస్కులు కాల్చారో, ఎన్ని మెషీన్లలో వేశారో, ఎంతమంది ఆ స్లైడర్లు పైకీ కిందకీ లాగి, లినక్స్‌లో సౌండ్ రాదంట అని విండోస్ వేయించుకున్నారో ఎవరూ లెక్కపెట్టలేదు.

ఇప్పుడు మావాడి వాదన. వాడు తెలివితక్కువవాడు కాదు, కాబట్టి వాడి వాదన వాడి నోటితోనే చెప్పాలి.

"ఒరేయ్, నువ్వు హైదరాబాదులో ఫైబర్ పెట్టుకుని కూర్చుని చెప్తన్నావు. కావాలంటే నెట్‌లో దించుకోవచ్చు గదా అంటావు. ఈ డబ్బాలు పొయ్యే ఇళ్లల్లో నెట్ అంటే నాయన ఫోను. ఆయన పొలం నుంచి వచ్చాక హాట్‌స్పాట్ పెడితే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. నేను పెన్‌డ్రైవ్‌లో ఏది పెడితే వాళ్లకి అదే లోకం. రేపు సౌండ్ పోతే పనికొచ్చేది ఏదో నాకేం తెలుసు? అందుకే నాలుగూ పెడతన్నా."

ఈ మాటకి నేను కాసేపు మాట్లాడలేదు. నిజమే కాబట్టి. డిఫాల్ట్ అనేది పట్నంలోవాడికి సలహా, పల్లెలోవాడికి శాసనం. 'తీసేసి రిపాజిటరీలో ఉంచుదాం' అనేవాళ్లు ఈ తేడా చూడరు. కానీ ఆ నిజమే వాడికి ఎదురు తిరుగుతుంది. పెట్టెలో ఉన్నదే లోకం అయినప్పుడు, ఆ పెట్టెలో అబద్ధం చెప్పే వస్తువు పెట్టడం ఇంకా పెద్ద తప్పు. నెట్ ఉన్నవాడు మిక్సర్ పనిచెయ్యకపోతే ఎవర్నైనా అడిగి, ఇది కాదు అది అని తెలుసుకుంటాడు. నెట్ లేని పిల్ల ఆ స్లైడర్‌నే నమ్ముతుంది. నమ్మి, కంప్యూటర్ పాడైందనుకుంటుంది. ఇంకా ఘోరం, తనకే చేతకాలేదనుకుంటుంది.

మా నాయనమ్మ వీశెల్లో లెక్క చెప్పేది. ఎనిమిది వీశెలు ఒక మణుగు. వీశె అంటే కిలో నాలుగొందల గ్రాములు, అటూ ఇటూగా. మన దేశంలో 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చింది, 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ రాళ్లు దిగాయి, 1962 ఏప్రిల్ నాటికి పాత రాళ్లతో వ్యాపారం కుదరదన్నారు. నాయనమ్మ నోట్లోంచి వీశెని ఎవరూ తీసెయ్యలేదు, తీసెయ్యాల్సిన పనీ లేదు. అటక మీద ఉన్న ఇనప రాయినీ ఎవరూ పట్టుకుపోలేదు. తీసింది అంగట్లో కాటా పక్కనుంచి. ఎందుకంటే కాటా దగ్గర రెండు రకాల రాళ్లుంటే మోసపోయేది దడవాయి కాదు, షావుకారు కాదు. గుంటూరు యార్డుకి మిర్చి టిక్కీలు వేసుకుని వచ్చిన రైతు. వాళ్లిద్దరికీ ఏ రాయి ఏదో తెలుసు. రైతుకి తెలియదు.

ఈ పోలిక చెప్పి గెలిచాననుకున్నా. మావాడు నవ్వాడు.

"1962లో మెట్రిక్ అన్నావు గదా. మరి 2015లో మన ఎకరాలు తీసుకుని ప్రభుత్వం తిరిగి ఏందిరా ఇస్తానంది? మెట్టకి వెయ్యి గజాల ఇల్లు, 250 గజాల కమర్షియలు. జరీబుకి వెయ్యి, 450. గజాలు! చదరపు మీటర్లు కాదు. పాత రాయి సచివాలయంలోనే ఉంటే నా పెన్‌డ్రైవ్‌లో ఉంటే తప్పొచ్చిందా?"

బాగా కొట్టాడు. బస్సు ఎక్కాక గానీ దీనికి జవాబు తట్టలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా. గజం పాతదే, కానీ గజం అబద్ధం చెప్పదు. ఒక చదరపు గజం అంటే 0.836 చదరపు మీటర్లు, ఇవాళ కొలిచినా రేపు కొలిచినా. గజాల టేపుతో కొలిస్తే నేల నిజంగా కొలవబడుతుంది. నేను అడిగేది వయసు గురించి కాదు. స్లైడర్ కదిపితే నా చెవికి వినపడేది కదులుతుందా లేదా? మైకు గుర్తు వెలిగితే నా మైకు నిజంగా వినపడుతుందా లేదా? అంతే. ఆ ఒక్క పరీక్షలో నిలబడితే దానికి ముప్ఫై ఏళ్లున్నా ఉంచు. నిలబడకపోతే అది నిన్న పుట్టినదైనా తీసెయ్.

ఈ పరీక్ష పెట్టుకుంటే వింత ఫలితాలొస్తాయి, 'పాతదంతా ఊడ్చెయ్యండి' అనే కొత్త మతస్థులకి కూడా నచ్చనివి. ఉదాహరణకి ఆల్సామిక్సర్. టెర్మినల్లో నల్ల తెరమీద అక్షరాలతో గీసిన స్లైడర్లు. చూడ్డానికి ముత్తాత కాలంది. కానీ పైప్‌వైర్ వచ్చినా, దాని తర్వాత ఇంకోటి వచ్చినా, కింద హార్డ్‌వేర్‌తో మాట్లాడేది ఇవాళ్టికీ ఆల్సానే. కార్డే మూగబోయి ఉంటే, ఎఫ్6 నొక్కి కార్డు ఎంచుకుని, స్లైడర్ కింద 'ఎమ్ఎమ్' అని కనపడినచోట ఎమ్ మీట నొక్కితే అది 'ఓఓ' అవుతుంది, నోరు తెరుచుకుంటుంది. హెడ్‌ఫోను గుచ్చితే స్పీకర్ ఆగిపోవాలా వద్దా అన్న 'ఆటో మ్యూట్' మీట కూడా చాలా లాప్‌టాప్‌లలో అక్కడే దొరుకుతుంది. గ్నోమ్ అందంగా ఇచ్చిన ధ్వని పేజీలో ఆ మీట లేదు. కాబట్టి ఆల్సామిక్సర్ ఉండాలి. మెనూలో కాదు, పెట్టెలో. రైతు చేతికి కాదు, మెకానిక్ సంచిలో.

ప్యావుకంట్రోల్ అంతే. పల్స్‌ఆడియో కోసం రాసింది, పల్స్‌ఆడియో చాలాచోట్ల పోయింది. కానీ పైప్‌వైర్ తనే పల్స్‌ఆడియో వేషం వేసుకుని దానికి సమాధానం చెబుతుంది కాబట్టి అందులోని స్లైడర్లు నిజమైనవే. ఏ ప్రోగ్రామ్ ఏ దారిన వింటుందో 'రికార్డింగ్' పేజీలో కళ్లకి కట్టినట్టు చూపిస్తుంది. 2015లో నా ఎదురుగా ఆ పేజీ తెరిచి ఉంటే నాయనమ్మ పాట ఇవాళ నా దగ్గర ఉండేది. ఆ రోజుల్లో నా మెషీన్లో చచ్చిన మిక్సర్ డిస్కుతో పాటు వచ్చింది, బతికున్న ప్యావుకంట్రోల్‌ని మాత్రం మావాడు విడిగా దించాల్సొచ్చింది. నాకు కోపం అక్కడ.

కాబట్టి వాడి జాబితాలో నేను తీసెయ్యమంటున్నది ఒక్కదాన్నే. ఆల్సామిక్సర్‌కి బొమ్మల తొడుగు వేసిన ఒక పాత మిక్సర్. లోపలంతా మెకానిక్ స్లైడర్లు, బయట మామూలు మనిషి కోసం అన్నట్టు రంగురంగుల మొహం. మెనూలో 'సౌండ్ మిక్సర్' అని పేరు. పైప్‌వైర్ ఒకవైపు తన లెక్క ప్రకారం వాల్యూమ్ సర్దుతుంటుంది, ఇది వెనకనుంచి వెళ్లి అదే కార్డు మీటల్ని లాగుతుంటుంది. ఒక మొగుడూ పెళ్లాం ఒకే ఫ్యాను రెగ్యులేటర్ని చీకట్లో తిప్పుకున్నట్టు. వాల్యూమ్ ఉన్నట్టుండి గెంతుతుంది, ఉన్నట్టుండి చస్తుంది. ఎవరు తిప్పారో ఎవరికీ తెలియదు.

విండోస్ వాడే మీరు నవ్వుకుంటున్నారేమో, మాకీ గొడవ లేదని. ఉంది. విండోస్ 11లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి సౌండ్ తెరవండి. బావుంది, గుండ్రటి అంచులు. చిట్టచివరికి దిగితే 'మోర్ సౌండ్ సెట్టింగ్స్' అని ఉంటుంది. నొక్కితే పాత కంట్రోల్ ప్యానెల్ రోజుల నాటి బూడిదరంగు పెట్టె లేస్తుంది, దాని ట్యాబులూ అదీ. అందులో 'కమ్యూనికేషన్స్' అనే ట్యాబు కింద, ఎవరైనా కాల్ చేస్తే మిగతా శబ్దాలన్నిటినీ 80 శాతం తగ్గించు అని ముందే టిక్కు పెట్టి ఉంటుంది. మీటింగ్ మొదలవగానే పాట ఎందుకు పాతాళానికి పోతుందా అని ఎప్పుడైనా అనుకున్నారా? ఎక్కడ చూడాలో ఇప్పుడు తెలిసింది. అక్కడ తప్పు పాత పెట్టెది కాదు. ఉన్న పనంతా అప్పగించుకోకుండా కుర్చీలో కూర్చున్న కొత్తదానిది. అలాంటప్పుడు పాతదాన్ని తీసెయ్యమనను. కొత్తదాన్ని పూర్తి చెయ్యమంటా. డబ్బుకి కొదవలేని కంపెనీ కూడా ఇన్నేళ్లుగా ఆ పని చెయ్యలేదంటే, ఎనిమిది డబ్బాలు ముందేసుకుని కూర్చున్న మావాడిని ఒక్కడినే ఆడిపోసుకోవడం అన్యాయమే.

తెలుగు రాసేవాళ్లకి ఈ కథ కొత్తదా? 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటే గౌతమి అనే యూనికోడ్ ఫాంటు వచ్చింది. ఆ తర్వాత ఎన్నేళ్లపాటు మన పుస్తకాలు అను ఫాంట్లలోనే కంపోజయ్యాయి? డీటీపీ సెంటర్లో మెషీన్ వేసిన రోజు ఏది వేశారో అదే ఉండిపోయింది. ఆ ఫైలు తెరిచి ఒక పేరా కాపీ చేసి మెయిల్లో అతికిస్తే పిచ్చి గుర్తులు. వెతికితే దొరకదు. అప్పుడూ ఇదే మాట అన్నారు, ఉంటే ఏం పోయింది అని. ఏం పోయిందో, తండ్రి పుస్తకాన్ని మళ్లీ మొదట్నుంచీ టైపు చేయిస్తున్న పిల్లల్ని అడగండి.

ఇంకో సంగతి, నాకు మాత్రమే ముఖ్యమైనదేమో. ఒకప్పుడు నేనూ డెస్క్‌టాప్ అనువాదాల్లో కొన్నాళ్లు కూర్చున్నా. 'క్యాప్చర్'కి ఏం రాయాలి, 'గెయిన్'కి ఏం రాయాలి అని రాత్రుళ్లు కొట్టుకునేవాళ్లం. జీతం లేదు, ఇష్టం అంతే. ఎవరూ వాడకూడని కిటికీల్లోని మాటలకి కూడా అంతే కొట్టుకున్నాం. జాబితాలో ఉన్నాయి కాబట్టి. తెలుగులో ఈ పని చేసేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. వాళ్ల రాత్రుళ్లని శవాలకి అలంకారం చెయ్యడానికి వాడుకోవడం నాకు దుబారాగా కనపడుతుంది.

ఇక అసలు సంగతి. మావాడి దగ్గరికి పక్క ఊరి కుర్రాడొకడు వస్తుంటాడు, డిగ్రీ చదువుతున్నాడు, చూపు లేదు. ఓర్కా అనే స్క్రీన్ రీడర్‌తో పనిచేస్తాడు. ఈస్పీక్ గొంతు తెలుగు చదువుతుంటే మనకి ఇనప డబ్బాలో గోళీలు వేసి ఊపినట్టుంటుంది గానీ, ఆ అబ్బాయి దాన్ని మనం వినలేనంత వేగంలో పెట్టుకుని వింటాడు. ఒకరోజు పిల్లలకి ఏదో చూపించాలని మావాడు ఆ మెషీన్‌కి ప్రొజెక్టర్ తగిలించాడు. హెచ్‌డీఎంఐ తీగ గుచ్చగానే శబ్దం స్పీకర్ వదిలేసి ప్రొజెక్టర్‌లోకి పోయింది. ప్రొజెక్టర్‌కి స్పీకర్ లేదు. మనకైతే పాట ఆగింది. ఆ అబ్బాయికి తెర ఆరిపోయింది. సౌండ్ సెట్టింగులు తెరవాలంటే సౌండ్ ఉండాలి. మావాడు వచ్చి సరిచేసేదాకా మీటల మీద చేతులు పెట్టుకుని అలా కూర్చున్నాడు.

సంక్రాంతికి వెళ్లినప్పుడే మావాడి నాలుగు పరికరాల్నీ ఓర్కాతో తెరిచి చూశాను. ఆ బొమ్మల మిక్సర్‌లో స్లైడర్ మీదికి వెళ్తే ఒక అంకె చదివింది. ఏ స్లైడరో చదవలేదు. పక్కదానికి వెళ్తే ఇంకో అంకె. అలా పన్నెండు అంకెలు. ఈ పన్నెండు అంకెల్లో తన గొంతు ఏదో వెతుక్కోమంటావా అని మావాణ్ని అడిగాను. వాడు మాట మార్చాడు.

ధ్వని సర్దుకునే పరికరం ఎలా ఉండాలో నాకు తెలిసి అందరికంటే బాగా చూపించింది వాడు రోజూ వాడే డెబియన్ ఇన్‌స్టాలరే. మొదటి మెనూ దగ్గర ఎస్ అక్షరం కొట్టి ఎంటర్ నొక్కితే ఇన్‌స్టలేషన్ మొత్తం మాటల్లో నడుస్తుంది. మెషీన్లో ఒకటి కంటే ఎక్కువ సౌండ్‌కార్డులు ఉంటే ఏం చేస్తుందో తెలుసా? ఒక్కో కార్డులోంచీ మాట్లాడుతుంది. మీకు కావల్సినదాంట్లోంచి వినపడినప్పుడు ఎంటర్ నొక్కాలి. అంతే. స్లైడర్ లేదు, పేరు లేదు, బొమ్మ లేదు. వినపడిందా, అదే నీది. పరికరాన్ని తయారుచేసినవాళ్లు తాము ఎవరికోసం చేస్తున్నారో ఒక్క క్షణం ఆలోచించారు. ఆ ఆలోచన ఇన్‌స్టలేషన్ అయ్యేదాకా ఉండి, డెస్క్‌టాప్ రాగానే ఎందుకు మాయమవుతుందో నాకు అర్థం కాదు.

ఎన్నిక హక్కు, స్వేచ్ఛ అని ఒక వాదన ఉంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో తీసెయ్యడమేమిటి, అన్నీ ఉండనీ, ఎవరికి కావల్సింది వాళ్లు ఎంచుకుంటారు అని. హోటల్లో మెనూకార్డు మీద ముప్ఫై టిఫిన్లు రాసి, ఏదడిగినా 'అయిపోయింది సార్' అంటే దాన్ని ఎన్నిక అనం. అయినా ఎంచుకోవాలంటే తేడా తెలియాలి. సౌండ్, మిక్సర్, వాల్యూమ్ కంట్రోల్, ఆడియో సెట్టింగ్స్ అని నాలుగు పేర్లు పక్కపక్కన పెట్టి, వాటి తేడా ఎక్కడా చెప్పకుండా, తొమ్మిదో తరగతి పిల్లని ఎంచుకోమనడం స్వేచ్ఛ ఇవ్వడం కాదు. మన పని ఆమె నెత్తిన పెట్టడం. ఏది ఉంచాలో ఆలోచించే బాధ తప్పించుకోవడానికి అన్నీ ఉంచేస్తాం, దానికి ఉదారత అని పేరు పెట్టుకుంటాం. నేను మాత్రం తక్కువేం తిన్నానా, నా పుస్తకాల బీరువా చూస్తే తెలుస్తుంది.

మావాడూ, ఇది నువ్వు చదువుతావని తెలుసు. నెట్ లేని ఇంటి సంగతి నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. అందుకే అడుగుతున్నా. మెనూలో ఒక్కటే పెట్టు, పైప్‌వైర్‌తో మాట్లాడేది. ప్యావుకంట్రోల్ ఉంచు, 'రికార్డింగ్ ఎటునుంచి వస్తోంది' అని తెలుగులో పేరు మార్చి పెట్టు, కావాలంటే పేరు నేను రాసిస్తా. ఆల్సామిక్సర్ పెట్టెలో ఉండనీ. ఎఫ్6, ఎమ్ సంగతి ఒక కాగితం మీద ప్రింట్ తీసి డబ్బా వెనక అంటించు. ప్రొజెక్టర్ తగిలించినా శబ్దం స్పీకర్ వదిలి పోకుండా కట్టెయ్. ఒక మీట నొక్కితే ఇన్‌స్టాలర్‌లాగా ఒక్కో కార్డులోంచీ మాట్లాడే చిన్న స్క్రిప్ట్ రాయడం నీకు ఒక సాయంత్రం పని, ఆ పక్క ఊరి అబ్బాయినే కూర్చోబెట్టుకుని రాయి.

నాలుగోదాని పక్కన టిక్కు తీసెయ్. నీ సొంత మెషీన్లో పెట్టుకో, ఎవరొద్దన్నారు. ఎనిమిది డబ్బాలూ వచ్చే వారం వెళ్లిపోతాయన్నావు. బుధవారం ఫోన్ చేస్తా.